‘అలర్జీ రహిత’ ఎండు పండు: ముద్ర వేసే ముందు కళ్ళం చూడాలి

హైదరాబాదు పాతబస్తీకి ఆనుకొని ఉన్న సంతోష్‌నగర్ పేరు వినగానే వ్యవసాయ విద్యార్థికి స్ఫురించేది కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ. 1970లో మొదలైన అఖిల భారత సమన్వయ మెట్ట వ్యవసాయ పరిశోధనా పథకం నుంచి 1985లో పూర్తిస్థాయి సంస్థగా రూపుదిద్దుకున్న ఈ కేంద్రం, వర్షాధార భూములకు ఏకపంటకు బదులు చెట్లను, పండ్లను కలుపుకొన్న ప్రత్యామ్నాయ భూ వినియోగ పద్ధతులను దశాబ్దాలుగా పరిశీలిస్తున్నది. రేగు, సీతాఫలం, ఉసిరి, మామిడి ఆ చర్చలో తరచుగా వినిపించే పేర్లు. ఆ సంస్థ ప్రహరీ దాటితే కనిపించే లోకం వేరు. సైదాబాదు మొదలు చాంద్రాయణగుట్ట వరకు బేకరీలు, చాయ్ హోటళ్ళు, మిఠాయి దుకాణాలు. రంజాన్ మాసంలో ఖర్జూరపు బండ్లు. పెళ్ళి విందులో తప్పనిసరి అయిన కుబానీ కా మీఠా. ఎండు పండును ఇంతగా వాడే ప్రాంతం తెలుగు నేలపై మరొకటి లేదనడం అతిశయోక్తి కాబోదు. అయినా అక్కడ అమ్ముడయ్యే కిస్‌మిస్ మహారాష్ట్ర నుంచి, ఆప్రికాట్, అంజీర ఇంకా దూరం నుంచి వస్తాయి. పాలమూరు మెట్టలో పండిన పండు మాత్రం కాలం మించితే తోటలోనే రాలి కుళ్ళిపోతుంది.

ఈ అంతరాన్ని పూడ్చే మార్గంగా ఇటీవల విలువ జోడింపు శిక్షణలలో ఒక కొత్త మాట వినిపిస్తున్నది: ‘అలర్జీ కారకాలు లేని ఎండు పండు’. జీడిపప్పు, బాదం, వేరుశనగ పడని పిల్లలకు చిరుతిండిగా, బిస్కెట్లు, కేకులలో పప్పులకు మారుగా మామిడి, రేగు, ఉసిరి ముక్కలను అమ్మవచ్చన్నది ఆలోచన. ఆలోచనలో దోషం లేదు. దోషమంతా ఆ మాటలో ఉన్నది. ఆ మాటను నిజం చేయడానికి కావలసిన పని పొట్లం దగ్గర మొదలు కాదు, కళ్ళంలో మొదలవుతుంది. విస్తరణ వ్యవస్థ ఇంతవరకు అటు చూడలేదు.

ముందుగా మాట సంగతి. అలర్జీ కారకమే లేని పండు ప్రకృతిలో లేదు. మామిడి, అరటి, బొప్పాయి, అంజీరలలో కూడా కొందరికి సరిపడని ప్రొటీన్లు ఉన్నాయి. రబ్బరు పాల ఉత్పత్తులు పడనివారిలో కొందరికి అరటి, బొప్పాయి పడకపోవడం వైద్యులు ఎరిగినదే. ఆరబెట్టడం వల్ల నీరు పోతుందే గాని ప్రొటీను పోదు. వేడికి విరిగిపోయే పండ్ల ప్రొటీన్లు కొన్ని ఉన్నా, వేడిని తట్టుకొని నిలిచేవీ ఉన్నాయి. కాబట్టి ‘అలర్జీ రహితం’ అని అచ్చువేయడం శాస్త్రరీత్యా అబద్ధం. ‘వేరుశనగ, గింజపప్పులు వాడని చోట తయారైనది’ అన్నది నిరూపించగల వాక్యం. మొదటిది వ్యాపార ప్రకటన, రెండవది బాధ్యత.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 లేబులింగ్ నిబంధనలు ఎనిమిది వర్గాలను పొట్లంపై ప్రకటించమంటున్నాయి: గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల వంటి పెంకు జీవులు, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ మరియు గింజపప్పులు, సోయా చిక్కుడు, కిలోకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించిన సల్ఫైట్. ఇందులో నువ్వులు లేవు. నువ్వుండలు లేని సంక్రాంతి లేని ప్రాంతంలో, ఇంటి పొడులన్నిటిలో నువ్వులు పడే ప్రాంతంలో ఈ లోటు చిన్నది కాదు. అమెరికాలో 2021లో చేసిన చట్టంతో 2023 జనవరి నుంచి నువ్వులు తొమ్మిదవ ప్రధాన అలర్జీ కారకంగా చేరాయి. ఆ తరువాత జరిగిన విడ్డూరం విద్యార్థులు తెలుసుకోదగినది. యంత్రాలను నువ్వులు తగలకుండా శుభ్రం చేసే శ్రమ భరించలేక, కొన్ని బేకరీ సంస్థలు ఉద్దేశపూర్వకంగానే కొంచెం నువ్వుల పిండి కలిపి, ‘నువ్వులు ఉన్నాయి’ అని లేబులు మీద రాసుకున్నాయి. చట్టాన్ని పాటించారు, రోగి తినగలిగిన రొట్టె మాత్రం ఒకటి తగ్గింది. నియమం రాసినంత మాత్రాన నేలమీది పని మారదనడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

ఇంత శ్రమ ఎవరి కోసమన్న ప్రశ్న న్యాయమైనదే. కర్ణాటకలో పెద్దలపై జరిగి 2016లో వెలువడిన యూరోప్రెవాల్ అధ్యయనంలో ఏదో ఒక ఆహారానికి రక్త పరీక్షలో సున్నితత్వం చూపినవారు సుమారు 26.5 శాతం కాగా, నిజంగా ఆహార అలర్జీ ఉన్నట్లు భావించదగినవారు 1.2 శాతమే. పరీక్షలో కనిపించేది వేరు, తిన్నప్పుడు జరిగేది వేరు. పాశ్చాత్య దేశాల అంకెలను ఇక్కడికి దిగుమతి చేసి భయం అమ్మడం తగదు. అలాగని వందకు ఒకరు అన్నది తీసిపారేయదగిన సంఖ్య కూడా కాదు. కోటి జనాభా ఉన్న నగరంలో వందకు ఒకరంటే లక్ష మంది. వారిలో తీవ్రమైన ప్రతిచర్యకు గురయ్యేవారికి వేరుశనగ పొడి చిటికెడు చాలు. అట్టి కుటుంబం ఆ పొట్లంపై రాసిన మాటను నమ్మే కొంటుంది. ఆ మాట తప్పయితే నష్టం రైతు సంఘం పరువుది కాదు, ఒక బిడ్డ ప్రాణానిది.

ఇక కళ్ళం సంగతి. నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాలు తెలంగాణలో వేరుశనగకు పట్టుగొమ్మలు. ఇక్కడ పంట ప్రధానంగా యాసంగిలో వస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాయ పీకి, ఆరబోసి, ఒలుస్తారు. అదే నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్ మామిడికి పేరుగన్నది. అక్కడ కోత ఏప్రిల్, మే నెలల్లో ముమ్మరమవుతుంది. అంటే వేరుశనగ లేచిన నెల తిరిగేసరికి మామిడి దిగుతుంది. ఖాళీగా ఉన్న సిమెంటు కళ్ళం, టార్పాలిన్ పట్టాలు, గోనెసంచులు, చేటలు, తూకపు యంత్రం, రైతు ఉత్పత్తిదారుల సంఘపు గోదాము: అన్నీ ఒక పంట నుంచి మరొక పంటకు అలాగే చేతులు మారతాయి. వేరుశనగ పొట్టు, పప్పు పిండి పట్టా మడతల్లో ఉండిపోతాయి. మామిడి ముక్క తడిగా, తీపిగా, జిగురుగా ఉండడం చేత ఆ ధూళిని పట్టుకొని విడవదు. రాయలసీమ జిల్లాలలో వేరుశనగ ఖరీఫ్ పంట గనుక కాయ అక్టోబరు, నవంబరులలో వస్తుంది, మామిడికి మధ్య ఐదారు నెలల ఎడం దొరుకుతుంది. అయితే ఆ ఎడంలో కళ్ళం కడిగినప్పుడే దానికి విలువ. కోస్తాలో ప్రమాదం మరో రూపంలో ఉన్నది. ఒకే సౌర ఆరబెట్టు యంత్రంలో ఒక వారం రొయ్యపప్పు, మరో వారం పండ్ల ముక్కలు పెట్టే వీలును యంత్రానికి ఉన్న గొప్పగా చెప్పడం పరిపాటి. అలర్జీ దృష్టితో చూస్తే అదే దాని లోపం.

తోటలో వేరుశనగను అంతరపంటగా వేస్తే పండుకు ముప్పు కదా అన్న సందేహం విద్యార్థులకు రావచ్చు. చెట్టున ఉన్న కాయకు నేలలోని కాయ నుంచి ప్రొటీను పాకదు. పండును నేలపై రాల్చక చిక్కంతో కోసి, బుట్టలో దించి, ముక్కకు ముందు కడిగితే తోట సమస్య తోటలోనే ముగుస్తుంది. ముప్పు కోత తరువాతదే. వ్యవసాయోత్పత్తి ద్వారా ఇటువంటి కలయిక ఎంత దూరం పోగలదో 2014 చివర, 2015లో అమెరికా చూసింది. జీలకర్ర పొడిలో వేరుశనగ ప్రొటీను బయటపడడంతో, ఆ పొడి పడిన మసాలాలు, మాంసపు వంటకాలు, తయారు ఆహారాలు పెద్ద సంఖ్యలో దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. జీలకర్రలో వేరుశనగ ఉంటుందని ఏ వినియోగదారుడు ఊహిస్తాడు?

తెలుగువారి స్వంత ఎండు పండు మామిడి తాండ్ర. ఆత్రేయపురం తాండ్ర ఈ కోవలో ప్రసిద్ధం. రసాన్ని చాపపై పలుచగా పరచి, ఎండిన పొరపై మరో పొర పోస్తూ రోజుల తరబడి చేసే ఈ పదార్థంలో మామిడి, తీపి తప్ప మరేమీ ఉండవు గనుక అలర్జీ బాధితులకు అనుకూలమని తోస్తుంది. అయితే పళ్ళెంలో చేసే ఇళ్ళలో తాండ్ర అంటుకోకుండా నెయ్యి రాయడం మామూలు. నెయ్యిలో పాల ప్రొటీను లేశంగానైనా మిగులుతుంది. పాలు పడని బిడ్డకు ఆ లేశం ముఖ్యం. చాప విషయం ఇంకా చిక్కైనది. అల్లికల సందుల్లో చేరిన దానిని కడిగి తీయడం దాదాపు అసాధ్యం. చాప మీద ఆరిన తాండ్రకు ఉండే గీతలు, రుచి అమ్మకానికి ఆకర్షణలే. ఆ సంప్రదాయాన్ని తుడిచిపెట్టమనడం సబబు కాదు. తాండ్రకు వాడే చాప తాండ్రకే వాడాలి, దానిపై నువ్వులు గాని పల్లీలు గాని ఎన్నడూ ఆరబోయరాదు. ఇంతమాత్రం చెబితే చాలు. రేగి వడియాలకూ ఇదే వర్తిస్తుంది. రేగుపండు, బెల్లం, ఉప్పు, మిరప కలిపి రోట్లో దంచే ఆ వడియం, అదే రోట్లో అంతకుముందు పల్లీల పొడి దంచి ఉంటే తన గుణం కోల్పోతుంది.

అన్ని మెట్ట పండ్లూ ఆరబెట్టడానికి తగవన్నది కూడా చెప్పుకోవాలి. బాలానగర్ సీతాఫలానికి గిరాకీ ఎంత ఉన్నా, దాని గుజ్జు వేడి సోకితే చేదెక్కుతుంది. అది ఐస్‌క్రీము దారినే పోవాలి. రేగులో ఉమ్రాన్ వంటి కండగల రకాలు ఆరబెట్టడానికి పనికివస్తాయి. మామిడి లెక్క వేసి చూస్తే ఆశ కొంత తగ్గుతుంది. వంద కిలోల కాయలో తొక్క, టెంక పోగా అరవై కిలోల కండ దక్కిందనుకుంటే, అందులో 82 శాతం నీరు. దానిని 15 శాతం తేమకు దించితే చేతికి వచ్చేది పదమూడు కిలోల లోపే. ఈ పదమూడు కిలోలకు మామూలు ధర వస్తే శ్రమ కిట్టదు. నమ్మదగిన ‘పప్పులు తగలని’ సరుకుగా వచ్చే అదనపు ధరే దీనికి ఊపిరి. ఆ నమ్మకాన్ని చులకన చేయరాదనడానికి ఇది ఆర్థిక కారణం.

సరుకు శుభ్రంగా సంతోష్‌నగర్ చేరిందనుకుందాం. చిల్లర ఎండు ఫలాల దుకాణంలో జీడిపప్పు, బాదం, పిస్తా, కిస్‌మిస్, అంజీర పక్కపక్క డబ్బాలలో ఉంటాయి. తీసే గరిట తరచు ఒక్కటే. పిస్తాలో ఆకుపచ్చ రంగు వేసిన వేరుశనగ ముక్కలు కలపడం ఆహార కల్తీ గ్రంథాలు ఎరిగిన మోసమే. తరిగిన ఖర్జూరం ముక్కలు అంటుకోకుండా బియ్యప్పిండి లేదా ఓట్ల పిండి చల్లడం పరిశ్రమలో వాడుక. కుబానీ కా మీఠా విషయమే తీసుకుంటే, అది పండు వంటకమని అనుకుంటాము. కాని టెంక పగులగొట్టి తీసిన పప్పును పైన అలంకరిస్తారు. ఆప్రికాట్, బాదం ఒకే ప్రజాతికి చెందిన చెట్లు. బాదం పడనివారు ఆ పప్పు విషయంలోనూ జాగ్రత్త పడవలసిందే. పైన వేసే మీగడ సరేసరి. హైదరాబాదు పండు బిస్కెట్టులో కనిపించే ఎర్ర, పచ్చ ముక్కలు పచ్చి బొప్పాయిని పంచదార పాకంలో నానబెట్టి చేసినవి. వాటి స్థానంలో రంగు వేయని ఎండు మామిడి, ఉసిరి ముక్కలు వాడవచ్చుననడం మంచి సలహాయే. అయినా ఆ బిస్కెట్టులో గోధుమ మైదా, పాల కొవ్వు ఉన్నంతకాలం దానిని పప్పులు లేనిదనగలరే గాని అలర్జీ రహితమనలేరు. జొన్న, రాగి పిండితో చేస్తే గ్లూటెన్ సమస్య తీరుతుందన్న వాదానికి ఒకటే జవాబు: ఆ జొన్నలు ఏ గిర్నీలో పట్టించారు? గోధుమలు పట్టిన రాయి మీదనే పట్టిస్తే, గ్లూటెన్ రహితానికి నిర్దేశించిన కిలోకు 20 మిల్లీగ్రాముల హద్దు దాటడానికి ఎంతో సేపు పట్టదు.

సల్ఫైట్ గురించి కొంత విస్తరించి చెప్పక తప్పదు, ఎందుకంటే ఇక్కడ తప్పు అనుకోకుండా జరిగేది కాదు, సిఫారసు ప్రకారం జరిగేది. మామిడి ముక్కలను పొటాషియం మెటాబైసల్ఫైట్ ద్రావణంలో ముంచమని శిక్షణ కరపత్రాలు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాయి. దానికి కారణాలున్నాయి. అది ముక్క నల్లబడనివ్వదు, విటమిన్ సిని కాపాడుతుంది, బూజును అడ్డుకుంటుంది. ఆహార కల్తీ నిరోధక చట్టం నాటి నియమాలు ఎండు ఆప్రికాట్ తదితర పండ్లలో 2,000, కిస్‌మిస్‌లో 750 పీపీఎం వరకు సల్ఫర్ డయాక్సైడును అనుమతించాయి. ఆ స్థాయి 10 మిల్లీగ్రాముల ప్రకటన హద్దుకు ఎన్ని రెట్లో చూడవచ్చు. సల్ఫైట్ చర్య చాలామందిలో నిజమైన అలర్జీ కాదు. అది ఆస్తమా రోగులలో కొందరికి శ్వాసనాళాలను బిగింపజేస్తుంది. ఆస్తమా ఉన్నవారిలో 3 నుంచి 10 శాతం మంది దీనికి లోనవుతారని అంచనా. మృగశిర కార్తెనాడు చేపమందు కోసం నాంపల్లి మైదానంలో నిలిచే వరుసలను చూసినవారికి ఈ నగరంలో ఆస్తమా ఎంతమందిని వేధిస్తున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. పచ్చిగా తినే పండ్లు, కూరగాయలపై సల్ఫైట్ వాడకాన్ని అమెరికా 1986లోనే నిషేధించింది. అలాంటిది, మెటాబైసల్ఫైట్‌లో ముంచిన ముక్కను పప్పులు లేవన్న ఒక్క కారణంతో ‘అలర్జీ రహితం’ అనడం చట్టరీత్యానే చెల్లదు.

ప్రత్యామ్నాయం లేకపోలేదు. ముక్కను కొద్దిసేపు ఆవిరి పట్టడం, నిమ్మరసం లేదా ఆస్కార్బిక్ ఆమ్లంలో ముంచడం, చిక్కని పంచదార పాకంలో నానబెట్టి కొంత నీరు ముందే లాగివేయడం, ఆపైన 50 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టడం. ఇలా చేసిన ముక్క కాస్త గోధుమరంగుకు తిరుగుతుంది. నెలలు గడిచేకొద్దీ ఆ రంగు ముదురుతుంది. పాతబస్తీ వంటవాడు కుబానీకి వాడే టెంకతో కూడిన ఆప్రికాట్ కూడా గోధుమరంగుదే. మెరిసే నారింజరంగు ఆప్రికాట్‌కు ఆ రంగు ఇచ్చింది గంధకపు పొగ. ఆ వంటవాడికి రంగు దోషంగా తోచలేదు. తోచినది శిక్షకులకే, పోటీలలో పచ్చని ముక్కకు ఎక్కువ మార్కులు వేసినది న్యాయనిర్ణేతలే. ఈ అలవాటు మారవలసినది విశ్వవిద్యాలయాలలో.

మరో అత్యుత్సాహాన్ని కూడా అదుపు చేయాలి. ఆంధ్రప్రదేశ్ బడులలో మధ్యాహ్న భోజనంతో వేరుశనగ చిక్కీ ఇస్తున్నారు. దానికి బదులు ఎండు పండు పెట్టాలన్న సూచనలు వినవస్తున్నాయి. వేరుశనగలో ప్రొటీను నాలుగో వంతు. ఎండు మామిడిలో నామమాత్రం, మిగిలినదంతా చక్కెరే. చిక్కీ తినగలిగిన లక్షలాది పిల్లలకు దానిని దూరం చేయడం పోషకాహార దృష్టితో ద్రోహం. తినలేని కొద్దిమందిని గుర్తించి వారికి వేరే పదార్థం ఇవ్వడం వేరు సంగతి; అక్కడ పండు ముక్కతోపాటు వేయించిన శనగల వంటిది జతచేయాలి, అది కూడా ఆ బిడ్డకు పడుతుందని తెలుసుకొన్నాకనే. దేశంలో మధుమేహులు పది కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చిన తరువాత, ఎండు పండును అందరికీ ఆరోగ్యాహారంగా ప్రచారం చేయడంలో విజ్ఞత కనిపించదు.

2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల పథకం యంత్రాలకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఇస్తున్నది. ఆ రుణంతో సంఘాలు కొనేది సాధారణంగా ఒక్క ఆరబెట్టు యంత్రం. అది ఏడాది పొడవునా నడిస్తేనే వాయిదా కట్టగలరు. కనుక ‘పండ్లకే ప్రత్యేకం’ అన్న నియమం కాగితంపై తేలిక, సంఘానికి భారం. మధ్యేమార్గం ఉన్నది: యంత్రపు గది ఒకటే అయినా పళ్ళేలు రెండు జతలు, రెండు రంగులు, పండ్ల కాలం ముగిసిన తరువాతనే పల్లీలు, రొయ్యలు, మళ్ళీ పండ్లకు మారేముందు సబ్బునీటితో తడి శుభ్రం. గాలి గొట్టంతో ఊదడం శుభ్రం కాదు, ధూళిని గదంతా పంచడమే. మారిన తేదీ, కడిగినవారి పేరు ఒక నోటుపుస్తకంలో ఉండాలి. మారిన తరువాత వచ్చే మొదటి ఘానం ముక్కలను మామూలు సరుకుగా అమ్ముకోవాలి, ముద్ర వేయరాదు. ఇంత చేయలేని సంఘం ‘వేరుశనగ ఉండవచ్చు’ అని రాసుకోవడంలో అవమానం లేదు. నిబంధనలు ఆ వాక్యానికి చోటిచ్చాయి.

పరీక్షకు సాధనాలు దూరంలో లేవు. సల్ఫర్ డయాక్సైడును కొలిచే మోనియర్ విలియమ్స్ స్వేదన పద్ధతికి కావలసిన గాజు సామగ్రి ఆహార సాంకేతిక కళాశాలల ప్రయోగశాలల్లో సమకూర్చుకోలేనిది కాదు. వేరుశనగ ప్రొటీనును కిలోకు కొద్ది మిల్లీగ్రాముల స్థాయిలో పసిగట్టే పట్టీలు బజారులో దొరుకుతున్నాయి. స్నాతకోత్తర విద్యార్థి ఒకరు వచ్చే ఫిబ్రవరిలో నాగర్‌కర్నూల్ కళ్ళాలలో మొదలుపెట్టి, మే నెలలో అవే పట్టాలపై ఆరిన మామిడి ముక్కలను, జూన్‌లో సంతోష్‌నగర్ దుకాణపు డబ్బాలలోని వాటిని ఆ పట్టీలతో పరీక్షిస్తే, ఒక పరిశోధనా వ్యాసానికి సరిపడే దత్తాంశం లభిస్తుంది. ఎన్నిసార్లు కడిగిన పట్టా ఎంత శుభ్రమవుతుంది, టార్పాలిన్‌కు, సిమెంటు గచ్చుకు తేడా ఎంత, కడగకుండా వదిలిన గచ్చుపై ఎండకు ప్రొటీను ఎన్నాళ్ళు నిలుస్తుంది వంటి ప్రశ్నలకు అందులోనే సమాధానాలున్నాయి. అవి చేతిలో ఉన్నప్పుడే విస్తరణ శాస్త్రవేత్త సంఘం వారికి ఏ వాక్యాన్ని పొట్లంపై అచ్చువేయమనాలో చెప్పగలడు.